వట్టి చేతుల వేట

చైత్రం వేటకు పోయి వట్టి చేతులతో దిగొచ్చిన మగాడికి బొడ్డమామిడిలో ఒకటే మర్యాద. పేడనీళ్లు. మొగుడని చూడరు, మావగారని చూడరు. ఇటుకల పండగ, అంటే ఈ వేట పండగ, జరిగినన్నాళ్లూ ఆడవాళ్లదే రాజ్యం. ఊరి మొగలో దారికి అడ్డంగా వెదురుగడ కట్టి గేటు పెడతారు. దారినపోయేవాడు ఎవడైనా ఆగాలి, పండగ మామూలు ఇచ్చుకోవాలి, రెండు పాటలు విని కదలాలి. వేట నుంచి వచ్చినవాడైతే చేతిలో ఏముందో చూపించాలి. కుందేలుంటే డప్పు. ఏమీ లేకపోతే తపేలా.

ఆ పొద్దున గాసికి తపేలా అయింది. తలమీంచి కారుతున్న పేడనీళ్లు తుడుచుకుంటూ వాడు అరిచాడు.

"అడవిలో ఏటున్నాదే కొట్టడానికి? కుందేళ్లు కూడా వలసెళ్లిపోనాయి!"

"అయితే నువ్వు కూడా ఆటితో ఎళ్లిపోకపోయావా?" అంది కనక.

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. గాసి కూడా నవ్వాడు. వాడి తప్పేమీ లేదు. అయినా వచ్చాడు, గేటు ముందు నిలబడ్డాడు, తల వంచాడు. కట్టుబాటంటే అంతే.

కనక మాత్రం నవ్వుతూనే రోడ్డు వైపు చూస్తోంది. ఆమె మొగుడు ఫల్గుణ వేటకు పోలేదు. మూడు వారాలుగా పార్టీ జీపెక్కి తిరుగుతున్నాడు. ఈసారి ఓట్లు పండగ నెలలోనే వచ్చి పడ్డాయి మరి. ఈరోజు ఎమ్మెల్యేని ఊళ్లోకి తెస్తానన్నాడు. "గేటెత్తి దండెయ్యండే. నా పరువు నీ సేతిలో ఉన్నాది" అని బతిమాలి పోయాడు.

పరువట! కనక పరువు ఏనాడో పోయింది. అది ఎవరికీ కనపడదు, అంతే.

ఐదేళ్ల కిందట ఇలాగే ఓట్లప్పుడు, కుండపోత వానలో, ఆ ఎమ్మెల్యే ఆమె అరుగు మీద కూర్చుని చోడి అంబలి తాగాడు. కాఫీ తోటలు వెయ్యండన్నాడు. పండు కొనే సెంటరు ఊళ్లోకే వస్తుందన్నాడు. తొక్క తీసే మిషను తెస్తానన్నాడు. కనక నమ్మింది. తను నమ్మి ఊరుకుంటే ఏమో! పదిహేను గడపలెక్కి "నా మాట మీద ఓటూ వెయ్యండి, కాఫీ మొక్కా వెయ్యండి" అని చెప్పింది. ఆడవాళ్లు చోళ్లు, సామలు పండే వాలుల్లో కాఫీ నాటారు. చిన్నమ్మలు ముసల్ది, మొగుడు పోయినది, ఉన్న అరెకరం మొత్తం నాటేసింది.

మొక్కలు నాలుగేళ్లకు కాపుకొచ్చాయి. అదే ఏడు రేటు చచ్చింది. "ఫారిన్‌లో పడిపోయిందమ్మా" అన్నాడు మాడుగుల సంతలో షావుకారు. ఆ ఫారిన్ ఎక్కడుందో వాడికీ తెలీదు. తట్టెడు పండు కొండ దింపి మోసుకెళ్తే నూనె సీసా సగం కూడా నిండలేదు. సెంటరు లేదు, మిషను లేదు. కనక ముమ్మారు పాడేరు పోయి ఎమ్మెల్యే గుమ్మం ముందు కూర్చుంది. ముమ్మారూ సారు హైదరాబాద్‌లోనే ఉన్నాడు.

చిన్నమ్మలు ఇప్పుడు అడవి దుంపలు తవ్వుకుని ఉడకేసుకుంటోంది. కనకని మాత్రం ఇప్పటిదాకా పల్లెత్తు మాట అనలేదు. అదే కనకని తినేస్తోంది. తిట్టినా బాగుండేది.

మైకు మోత వినపడింది. మూడు జీపులు వచ్చి గేటు ముందు ఆగాయి. మొదటి జీపు ముందు సీట్లో ఎమ్మెల్యే. పక్కన వేలాడుతూ ఫల్గుణ, ఇస్త్రీ మడత పోని తెల్ల చొక్కాలో. కింద మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టరు లక్ష్మీప్రసాద్ దిగాడు. పార్టీ ఖర్చంతా అతనిదే.

"ఇదిగోనమ్మా మీ మామూలు. గేటెత్తండి. ఇంకా ఆరూళ్లు తిరగాలి" అని నోటు చాపాడు.

కనక నోటు ముట్టుకోలేదు.

"మామూలు దారినపోయేవోళ్లకి బాబూ. మీరు వేట నుంచి వత్తన్నోళ్లు."

"వేటేంటి?"

"ఓట్లు అంబులు సేసి మీ సేతికిచ్చి పంపినాం గదా. అయిదేళ్లయిపోనాది. ఏటి కొట్టుకొచ్చినారో సూపెట్టండి."

వెనక ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఎమ్మెల్యే దిగి, చేతులు జోడించి, ఫొటోల్లో నవ్వే నవ్వు నవ్వాడు.

"అక్కా, నన్ను మర్చిపోయావా? నీ చేతి అంబలి తాగినవాణ్ని."

"మేం మర్సిపోనేదు. సెంటరేదీ? మిషనేదీ?"

"ప్రపంచమంతా రేటు పడిపోయింది కదక్కా. అది నా చేతిలో పనా?"

"రేటు మీరు పడేసినారని ఎవులన్నారు? అడవిలో కుందేలు నేకపోతే మా గాసిది తప్పా? అయినా ఆడు వచ్చి నిలబడినాడు. మీరు రేటు పడిన్నాడు వచ్చినారా? సంతలో మా తట్టల పక్కన ఒక్క పూట నిలబడినారా?"

ఎమ్మెల్యే నవ్వు ఆరిపోయింది. లక్ష్మీప్రసాద్ గొంతు పెంచాడు.

"ఇది వీళ్ల మాట కాదండీ! ఎదుటి పార్టీ వాళ్లు డబ్బులిచ్చి ఎక్కించిందిది. ఏమ్మా, ఎంతిచ్చారు?"

ఆ మాటకి ఆడవాళ్ల నవ్వు తెగిపోయింది. ఎత్తిన తపేలాలు ఒకటొకటి దిగాయి; ఇప్పుడు పోస్తే ఆ మాటే నిజమైపోతుంది. ఫల్గుణ మొహం నల్లబడింది. "కనకా, గేటు తియ్యే" అన్నాడు చిన్నగా.

కనక తియ్యలేదు. వెనక్కి తిరిగి, నిండు తపేలా తీసుకెళ్లి చిన్నమ్మలు చేతిలో పెట్టింది.

"పిన్నీ, ముందు నామీద పొయ్యి."

"ఓలమ్మ! ఆడదానికి పోత్తారేటే?"

"ఆ బాబు నాకు సెప్పినారు. మీకు సెప్పింది నేను గదా. నేనూ వట్టి సేతుల్తోనే వచ్చినాను. పొయ్యి."

ఆమె వెళ్లి గేటు ముందు నిలబడి తల వంచింది. చిన్నమ్మలు తపేలా ఎత్తి గుమ్మరించింది. దాంతోపాటు ఏడాదిగా కడుపులో దాచింది కూడా బయటికొచ్చింది.

"నా అరెకరం సోడిసేను తినేసినావు గదే, గుంటా!"

"అవును పిన్నీ. తినేసినాను."

ముసల్ది ఖాళీ తపేలా కింద పడేసి, కొంగుతో కనక కళ్లు తుడిచింది. కనక ఎమ్మెల్యే వైపు తిరిగింది. పేడ కారుతున్న ఆ మొహంలో సిగ్గు లేదు.

"నాకు ఎవులు డబ్బులిచ్చి పోయించినారో సెప్పండి బాబూ. సెప్పలేకపోతే రండి. ఇప్పుడు మీ వంతు. తల వంచండి. ఒక్క తపేలా. అయిపోతే గేటెత్తేత్తాం, ఊళ్లోకొచ్చి అంబలి తాగండి."

నిజంగానే ఎత్తేవాళ్లు. ఆ మనిషి ఆ పూట తల వంచుంటే ఆ ఊరు మళ్లీ నమ్మేదేమో కూడా. కానీ వాళ్ల తలలు వంగవు, ఢిల్లీ వైపు తప్ప. ఎమ్మెల్యే గబగబా జీపెక్కాడు. జీపులు వెనక్కి తిప్పుకునే లోపలే ఆరు తపేలాలు లేచాయి. ముందు అద్దం మీద అతికించిన నవ్వు మొహం పేడలో మునిగిపోయింది.

ఫల్గుణ ఎక్కలేదు. దుమ్ములో ఒంటరిగా నిలబడ్డాడు, చేతిలో జెండా.

"ఏటి తెచ్చినావు మావా?" అంది కనక.

అతను జెండా వైపు చూశాడు. దాన్ని రోడ్డు పక్కన పారేసి, నడిచొచ్చి గేటు ముందు తల వంచాడు. గాసి కనక వైపు చూసి కేరింత కొట్టాడు. "ఇస్త్రీ సొక్కా మీద బేగి పొయ్యి అప్పా, ఆరిపోద్ది!" కనక పోసింది. గడ కింద నుంచి అతన్ని లోపలికి లాక్కుంది.

గంట తిరక్కుండా ఇంకో జీపు వచ్చింది. రంగు వేరే, మైకు అదే. సంగతి అప్పుడే కిందదాకా పాకిందేమో, అందులో వాళ్లు దండలు పట్టుకుని నిలబడ్డారు. "శభాష్ తల్లీ! వాళ్లకి తగిన శాస్తి చేశారు! మన రాజ్యం రానీండి!" అని దూరం నుంచే అరుస్తున్నారు.

"ఈలు అంతకుముందు అయిదేళ్లూ వేటకెళ్లినోళ్లు" అంది కనక. "గాసీ, పేడ కలుపు."

చిన్నమ్మలు గడ మీద రెండు చేతులూ ఆనించి, జీపు ఆగేదాకా ఓపిగ్గా నిలబడింది. ఈసారి ఆమే అడిగింది.

"ఏటి తెచ్చినారు నాయనా?"