పెళ్లికి లామినేషన్

పెళ్లయిన మర్నాడు కొత్త దంపతులు ఎక్కడికైనా వెళ్తారు గానీ ఆఫీసుకి వెళ్లరు. మేం వెళ్లాం. వెళ్లకపోతే పెళ్లయినట్టే కాదట.

ఆ సంగతి ముందు చెప్పాలి. పెళ్లికి ముందే ఇద్దరం కలిసి అర్జీ పెట్టుకుని లైసెన్సు తెచ్చుకోవాలి. పెళ్లి రోజున దాని మీద మేమిద్దరం, పెళ్లి జరిపించినాయన, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. సంతకాలు పడ్డాక ఆ కాగితాన్ని మళ్లీ అదే ఆఫీసులో ఇచ్చేయాలి. వాళ్లు ముద్ర కొట్టి దాఖలు చేసుకుని మాకు సర్టిఫికెట్టు ఇస్తారు. చెప్పుకోడానికి ఇంతే. ఆ లైసెన్సు చేతికి వచ్చేసరికే మా తల ప్రాణం తోకకొచ్చింది. మొదటిసారి నేనొక్కదాన్నే వెళ్తే ఇద్దరూ రావాలన్నారు. ఇద్దరం పనులు మానుకుని వెళ్తే సంతకం పెట్టాల్సిన అధికారి సెలవన్నారు. ఆయన సెలవు ముగించుకుని వచ్చాక వెళ్తే, మా ఆయన ఫొటోలో చెవులు కనపడటం లేదన్నారు. చెవులు చూసి పెళ్లి చేసుకుంటున్నానా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఇంత హడావిడి దేనికంటే శుక్రవారం కోసం. మా ఆయన క్రేను నడుపుతాడు. కొండల్లో సొరంగం తవ్వే చోటికి కంపెనీ రెండేళ్లకి పంపిస్తోంది. పెళ్లయినవాళ్లకి అక్కడ గది ఇస్తారు. కాకపోతే పెళ్లి సర్టిఫికెట్టు శుక్రవారం సాయంత్రంలోగా కంపెనీకి చేరాలి. చేరకపోతే ఆ పై సోమవారం బస్సులో ఆయన ఒక్కడే వెళ్తాడు, నేనిక్కడ రెండేళ్లు ఫోను చెవికి అంటించుకుని కూర్చుంటాను. పెళ్లి చేసుకున్నది అందుకు కాదు.

ఆదివారం పెళ్లి బాగానే జరిగింది. మా వీధిలో ఉండే రిటైరైన హెడ్మాస్టరుగారు జరిపించారు. సాక్షులుగా మా ఆడపడుచు, మా నాన్న సంతకాలు పెట్టారు. మాస్టారు కాగితాన్ని మడతపెట్టబోతుంటే నాన్న గభాల్న చెయ్యి అడ్డుపెట్టి, "మడత పెట్టకండి, నేను దాస్తాను" అన్నాడు. మర్నాడు పొద్దున మేం బయల్దేరుతుంటే పెద్ద కవరొకటి నా చేతిలో పెట్టాడు.

"ఇక దీనికేం కాదు తల్లీ" అన్నాడు, మొహం వెలిగిపోతుంటే.

అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మా నాన్నది లామినేషన్ దుకాణం.

దుకాణమంటే బతుకుతెరువే అనుకునేరు. ఆయనకి ఇష్టమైన కాగితం ఏదైనా ఆ యంత్రంలోంచి దూరి రావాల్సిందే. నా ఒకటో తరగతి మార్కుల కార్డు, నేను గీసిన పిల్లి బొమ్మ, అమ్మ రాసిపెట్టిన చాకలి పద్దు, చివరికి వీధిలో వాళ్ల మందుల చీటీలు. ఒక ఏడాది గోడ క్యాలెండర్ని కూడా చేసేశాడు. ఆ ఏడాదంతా మా ఇంట్లో జనవరే. ఇదంతా వరద తర్వాత పట్టుకున్న పిచ్చి. నేను చిన్నదాన్నప్పుడు మా ఇంట్లోకి నడుంలోతు నీళ్లొచ్చి ట్రంకుపెట్టెలో కాగితాలన్నీ నాని ముద్దయిపోయాయి. అమ్మానాన్నల పెళ్లి కాగితం కూడా అందులోనే పోయింది. అది మాకు తెలిసిన కథే. నవ్వుకునేవాళ్లం కూడా.

ఆఫీసు కౌంటర్లో మేడం కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని ఉంది. నేను కవరు తెరిచి కాగితం బయటికి తీశాను. అద్దంలా మెరిసింది.

మేడం దాన్ని గోటితో టకటకా కొట్టి చూసింది. "ఏంటిది?"

"లైసెన్సండీ."

"అది నాకూ కనపడుతోంది. దీని మీద ముద్ర ఎక్కడ కొట్టమంటారు?"

"సంతకాలన్నీ స్పష్టంగా ఉన్నాయి కదండీ" అన్నాడు మా ఆయన.

ఆవిడ సిరా డబ్బా దగ్గరికి లాక్కుంది. ముద్ర తీసి ఠపీమని కొట్టింది. బొటనవేలితో తుడిచింది. మా పెళ్లి మొత్తం ఆవిడ వేలికి నీలంగా అంటుకుని వచ్చేసింది.

"చూశారుగా. ప్లాస్టిక్ తీసి తీసుకురండి. లేదంటే కొత్త లైసెన్సుకి అర్జీ పెట్టుకోండి. తర్వాత ఎవరు?"

ఒళ్లు మండిపోతుంటే దుకాణానికి వచ్చాం. సంగతి వినగానే నాన్న మొహం పాలిపోయింది, కానీ మాటలో బయటపడనివ్వలేదు. "తియ్యడం ఎంతసేపు, నేను చేసిందేగా" అన్నాడు. చిన్నగా వేడి చేసి, ఒక మూల బ్లేడుతో లేపి, ఊపిరి బిగబట్టి లాగాడు. ప్లాస్టిక్కుతో పాటు కాగితం పైపొర కూడా లేచొచ్చింది. నా సంతకం సగం కాగితం మీద, సగం ప్లాస్టిక్కు మీద మిగిలింది. మా ఆయన సంతకం అసలు ఎటు పోయిందో తెలియలేదు.

నేను బట్టలు సరిచేసే దుకాణంలో పని చేస్తాను. ఎంత అడ్డదిడ్డంగా కుట్టిన కుట్టయినా ఓపికుంటే విప్పుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు. దీన్ని విప్పడానికి లేదు. ఆ కోపమంతా ఒక్కసారిగా నోట్లోంచి వచ్చింది.

"ప్రతిదానికీ ఇలా ఊపిరాడకుండా చెయ్యకపోతే నీకు నిద్ర పట్టదా నాన్నా? నా పెళ్లిని నువ్వు ముట్టుకోకుండా ఉంటే చాలు, అది బాగానే ఉండేది."

"ఏమేవ్, ఊరుకో" అన్నాడు మా ఆయన మెల్లగా.

నాన్న బ్లేడు బల్ల మీద పెట్టేశాడు. వెళ్లి యంత్రం స్విచ్చి కట్టేశాడు. ఎర్ర దీపం ఆరిపోయింది.

ఆఫీసు మూసేలోపు పరిగెత్తుకెళ్లి కొత్త లైసెన్సుకి అర్జీ పెట్టాం. అందులో మొదటి వాక్యానికే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'నేను అవివాహితనని ధ్రువీకరిస్తున్నాను' అని రాసుంది.

"నిన్ననే అయిందండీ పెళ్లి" అన్నాను మేడంతో.

"దాఖలు కాలేదుగా. మా దగ్గర మీకు పెళ్లి కానట్టే. సంతకం పెట్టండి."

పెట్టాం. పక్కన మొగుణ్ణి నిలబెట్టుకుని పెళ్లి కాలేదని సంతకం పెట్టాను. ఆయన కూడా తలొంచుకుని పెట్టాడు. పెట్టి, "ఇప్పుడు నిన్ను ఇంటికి తీసుకెళ్తే మీ నాన్న ఏమంటారో" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఫొటోలూ వివరాలూ పాతవే వాళ్ల దగ్గర ఉన్నాయి కాబట్టి లైసెన్సు అప్పటికప్పుడే ఇచ్చారు గానీ, పెళ్లికి మధ్యలో మూడు రోజులు ఆగాలని మేడం చెప్పింది. తొందరపడి చేసుకునేవాళ్లు మనసు మార్చుకోడానికట. అంటే శుక్రవారం. అదే ఆఫీసులో, అధికారి ముందు చేసుకుంటే ఆ రోజే దాఖలు చేసి సర్టిఫికెట్టు ఇచ్చేస్తారట. ఒక్క శుక్రవారం. అది దాటితే బస్సే.

ఆ మూడు రోజులూ నాన్న దుకాణం తీసి కూర్చున్నాడు గానీ యంత్రం ముట్టుకోలేదు. ఎవరైనా వస్తే పాడైందని చెప్పి పంపేశాడు. నేను చూశాను, చూడనట్టే ఉన్నాను. కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు. సాక్షిగా మళ్లీ మా ఆడపడుచుని రమ్మన్నాను, నాన్న బదులు మాస్టారుని అడిగాను. నాన్నకి ఏ టైముకో కూడా చెప్పలేదు. ఆయన అడగలేదు.

శుక్రవారం ఆ ఆఫీసు మేడ మీద గదిలో మా రెండో పెళ్లి. గోడకి గడియారం, బల్ల మీద దుమ్ము పట్టిన ప్లాస్టిక్ పూలు, మా వెనకాల ఇంకో జంట. వాళ్ల వెనకాల వాళ్ల చుట్టాలు. అధికారి అడగాల్సినవి గడగడా అడిగాడు. ఇష్టమేనా అంటే ఇష్టమేనన్నాం. ఇష్టం లేకపోతే ఇన్నిసార్లు ఎవరొస్తారు? మా సంతకాలయ్యాయి. మా ఆడపడుచు కార్డు చూపించి సంతకం పెట్టింది. మాస్టారు జేబులు తడుముకోవడం మొదలుపెట్టారు. చొక్కా జేబు, ప్యాంటు జేబు, మళ్లీ చొక్కా జేబు.

"వేరే చొక్కాలో ఉండిపోయిందమ్మా" అన్నారు.

"గుర్తింపు కార్డు లేనిదే సాక్షిగా ఒప్పుకోనండి" అన్నాడు అధికారి. "ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే సోమవారం రండి."

సోమవారం. ఆయన బస్సెక్కే రోజు. మాస్టారు ఇంటికెళ్లి తిరిగొచ్చేలోపు ఈ గది మూసేస్తారు. మా ఆయన వెనక జంట చుట్టాల్ని బతిమాలుతున్నాడు. వాళ్లు మొహాలు తిప్పుకుంటున్నారు. ముక్కూమొహం తెలియని వాళ్ల పెళ్లికి ఎవరు సాక్షి సంతకం పెడతారు? ఎవరి కాళ్లో ఒకరివి పట్టుకుందామని నేను వరండాలోకి వచ్చాను.

వరండా చివర బెంచీ మీద నాన్న కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రెండు చేతులూ చంకల కింద దాచుకున్నాడు, చలేస్తున్నవాడిలా.

"ఎప్పుడొచ్చావు?"

"పొద్దున్నే. ఎన్నింటికో తెలియదు కదా."

"లోపలికి రావచ్చుగా."

"ఎందుకులే తల్లీ. నేను ముట్టుకుంటే ఏదో ఒకటి అవుతుంది."

నేనన్న మాటే నాకు తిరిగొచ్చింది. అప్పటికీ నాలో సగం కోపమే. "సాక్షి కావాలి నాన్నా. మాస్టారు కార్డు మర్చిపోయారు. లే" అన్నాను.

ఆయన లేవలేదు. నేల చూస్తూ చెప్పాడు. "మీ అమ్మని ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఆపరేషన్‌కి సంతకం పెట్టమన్నారు. పెడతానంటే, మీరు ఆవిడకి ఏమవుతారు అన్నారు. భర్తనన్నాను. కాగితం చూపించమన్నారు. నా దగ్గరేముంది, ముద్ద. మీ మేనమామ వచ్చి సంతకం పెట్టేదాకా నన్ను బయట బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఆయన వచ్చేసరికి ఆలస్యమైంది. అందుకని... నీకలా కాకూడదని." అక్కడితో ఆపేశాడు.

అమ్మ ఆసుపత్రిలో పోయిందని తెలుసు. నాన్న బయట బెంచీ మీద ఉన్నాడని ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పలేదని కోపం కూడా వచ్చింది. ఏది ముందొచ్చిందో తెలియదు.

"నీ కార్డుందా?" అన్నాను.

ఆయన చంక కిందనుంచి చెయ్యి తీసి చొక్కా జేబులో పెట్టాడు. కార్డు తీశాడు. దానికి లామినేషన్. ఆ లామినేషన్ మీద మరో లామినేషన్. అట్టముక్కలా మందంగా ఉంది.

"ఇది చెల్లుతుందో లేదో" అన్నాడు భయంగా.

"పద."

అధికారి ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు, వంచబోయాడు, అది వంగలేదు. "బాగా భద్రంగా పెట్టారండీ" అన్నాడు. మా ఆయన నవ్వాపుకోలేక దగ్గాడు. నాన్న పెన్ను పట్టుకుని, ఆదివారం పెట్టిన సంతకమే మళ్లీ పెట్టాడు. పెట్టి, సిరా ఆరేదాకా మెల్లగా ఊదాడు.

"కింద దాఖలు కౌంటర్లో ఇచ్చేయండి" అని అధికారి కాగితం నా వైపు చాపాడు.

"మా నాన్న తెస్తాడండి" అన్నాను.

నాన్న నా మొహంలోకి చూశాడు. తర్వాత దాన్ని రెండు చేతుల మీదా తీసుకున్నాడు. కవరు లేదు, అట్ట లేదు, మడత లేదు. మెట్లు దిగుతుంటే ఎదురొచ్చేవాళ్లకి మా ఆయనా నేనూ అడ్డంగా నడుస్తూ దారి చేశాం. ఎవరో నీళ్ల సీసాతో పైకొస్తుంటే నాన్న గోడకి అతుక్కుపోయి ఆగాడు.

కౌంటర్లో అదే మేడం. కాగితాన్ని చూడగానే ముందు గోటితో కొట్టి చూసుకుంది. మెత్తగా ఉంది. ముద్ర కొట్టింది. ఈసారి తుడిస్తే పోలేదు. సర్టిఫికెట్టు అచ్చయి రావడానికి కాసేపు పడుతుందని, సాయంత్రంలోగా కంపెనీకి చేర్చుకోవచ్చని చెప్పి, దాచడానికి కాగితం లాక్కోబోయింది. కాగితం రాలేదు. అవతలి కొస నాన్న పట్టుకునే ఉన్నాడు.

"వదలండి సార్" అంది మేడం.

"దీన్ని ఎక్కడ పెడతారమ్మా?"

"పైన రికార్డు గదిలో. ఎందుకు?"

"ఎన్నో అంతస్తు?"

వెనక లైన్లో ఎవరో విసుక్కున్నారు. "మూడోది సార్" అంది మేడం.

"అక్కడిదాకా నీళ్లు రావు కదా?"

మేడం కళ్లజోడు కిందకి దించుకుని ఆయన్ని చూసింది. "రావు సార్. ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు."

నాన్న తలూపాడు. అప్పుడు గానీ కాగితాన్ని వదల్లేదు.