ఎముకలు కొరికిన ఆవులు

కసిల్దా పిన్ని ఆవు లుసేరాను చంపింది రోగం కాదు. మీరే చంపారు, ఉమ్మడి బీడు కమిటీ పెద్దలారా! చంపి, తప్పు ఆవు మీదికి నెట్టారు. అది చాలక, పిన్నికి మిగిలిన ఐదు ఆవులనూ శనివారానికల్లా బీడులోంచి వెళ్లగొట్టాలని మొన్న ఆదివారం చేతులెత్తారు. వాటికి ఎముకలు కొరికే అంటురోగమట! పిన్నికి సొంత నేల జానెడు లేదు. బీడు పోతే, ఏటా దూడనిచ్చే ఆ తల్లులను కబేళాకు తోలడమే.

నేను బడి చదువు చదవలేదు. ఇరవై రెండేళ్లుగా ఈ బీడులో ఆవులు కాస్తున్నాను. చూసింది చెబుతాను.

జనవరిలో ఓక్ కొమ్మలు నరికి ఆవులకు వేసే రోజు. కొమ్మ నేలకు తగలకముందే ఆకుల మీద పడే లుసేరా, ఆ వేళ పక్కన నిలబడి ఏదో నములుతోంది. కటకటమని చప్పుడు. నోరు తెరిచి చూస్తే గొర్రె కాలి ఎముక!

"ఇదేం తిండే తల్లీ, ఆకు చేదయిందా?" అన్నాను. లాగితే వదల్లేదు.

మర్నాడు దాని వెంటే నడిచాను. తిన్నగా తూర్పు వాలుకు పోయింది. చచ్చిన పశువులను రాబందులకు వేసే గుంట అక్కడుంది. చుట్టూ నడుమెత్తు రాతిగోడ, రెండేళ్ల కిందటి వానకు ఒక మూల కూలింది, మీరు తిరిగి కట్టించలేదు. ఆ సందులోంచి లుసేరా తన కొట్టంలోకి పోయినట్టే పోయింది. లోపల మరో తొమ్మిది ఆవులున్నాయి. ఒకటి డొక్క ఎముక నములుతోంది, ఇంకొకటి ఎవరిదో పాత బూటు. కమిటీ పెద్ద తెలెస్ఫోరో మామ గారాబాల ఆవు మొరేనా కూడా అందులో ఉంది.

నాకు వింతగా అనిపించింది. కాళ్ల కింద గడ్డి ఉండగా ఇవి ఎముకల కోసం ఎందుకు అల్లాడుతున్నాయి? గడ్డిలో లేనిదేదో వెతుకుతున్నాయి. ఏమిటది?

పిన్నిని అడిగాను.

"మా అమ్మ కాలంలోనూ ఒకటీ అరా కొరికేవే పిల్లా. అప్పుడు ఉప్పురాళ్లని ఆవులు నాకే బండలుంటాయే, వాటి మీద ఉప్పుతో పాటు కాల్చిన ఎముకల బూడిద చల్లేవాళ్లు. మానేసేవి."

"మరిప్పుడు?"

"ఇప్పుడు కమిటీ పోసేది ఉత్త ఉప్పు. తెల్లగా, తెలెస్ఫోరో కట్టుడు పళ్లలాగా."

ఆ వారంలోనే లుసేరా వెనక కాళ్లు మడిచి కూలబడింది. నాలుక బయటికి జారింది. పిన్ని దాని నోట్లో గుడ్డతో నీళ్లు పిండుతూ కూర్చుంది. మూడో రోజుకు ఆవు చచ్చిపోయింది. కాసెరెస్ పట్నం నుంచి వచ్చిన పశువుల డాక్టరు చూసి, "కుళ్లిన కళేబరాల్లో పుట్టే విషం. ఎముకతో పాటు కడుపులోకి పోయింది. ఒకదాన్నుంచి ఒకదానికి అంటేది కాదు," అన్నాడు.

"అసలు ఎముకలెందుకు తిన్నదయ్యా?" అని అడిగాను.

"ఈ రాతినేలలో భాస్వరం తక్కువ, గడ్డిలోనూ తక్కువే. దూడకు పాలిచ్చే ఆవుకు అది చాలదు. ఎముకల్లో అది ఉంటుంది కనక వాటిని కొరుకుతుంది."

"ఉప్పు పెడుతున్నాంగా?"

"ఉప్పులో భాస్వరం ఎక్కడిదమ్మా? భాస్వరం కలిసిన ఖనిజాల పొడి పెట్టాలి."

ఆ మాటే సారా కొట్లో తెలెస్ఫోరో మామకు చెప్పాను.

"ఉప్పు ఉప్పే, బ్రీహిదా! ఆవులు నాకడం లేదూ?"

"నాకుతున్నాయి మామా. నువ్వు గ్లాసు నాకినట్టే. కడుపు నిండిందా నీకు?"

కొట్టంతా నవ్వింది. మామకు మండింది. "పాడు ఆవు ఒకటి నేర్పింది, మిగతావి నేర్చుకున్నాయి. ఆ మందను పీకేస్తే సరి!"

మాటలతో లాభం లేదని, గోడ సందుకు ముళ్లకంప అడ్డం పెట్టాను. పిన్నివి ఐదు, నావి ఏడు. ఆ పన్నెండింటికీ రోజూ తవుడులో డాక్టరు చెప్పిన పొడి కలిపి పెట్టాను. పొద్దున్నే పోయి, కంప దగ్గర మెడలు చాచి నిలబడ్డవి ఎవరి ఆవులో చూశాను. మొదటి వారం మా పన్నెండులో ఆరు ఉన్నాయి. నాలుగో వారం ఒకటి. ఆరో వారం ఒక్కటీ లేదు. మిగతావాళ్ల ఆవులు మాత్రం అక్కడే. మొరేనా అయితే రాని రోజు లేదు.

ఆదివారం బీడు గేటు దగ్గర సభలో ఇదంతా చెప్పాను. ఎవరు విన్నారు? "కొరికే మంద బయటికి!" అని మామ చెయ్యెత్తాడు. వెంట పదిహేడు చేతులు లేచాయి. అప్పుడొచ్చింది మొరేనా, గేటు దగ్గరికి. కంప తోసేసిందో ఏమో, నోట్లో దవడ ఎముక, గడ్డం నిండా నురగ. చేతులు గాల్లోనే ఆగాయి.

"అది... ఆడుకుంటోంది," అన్నాడు మామ.

"మీదయితే ఆట, మాదయితే రోగమా తెలెస్ఫోరో?" అంది పిన్ని.

అయినా ఎవరూ చెయ్యి దించలేదు! తీర్మానం రాసేసుకున్నారు.

పెద్దలారా, మొరేనాకు రేపు కాళ్లు మడతపడితే ఎవరిని వెళ్లగొడతారు? ఆ తీర్మానం ఇవాళే చింపండి. పిన్ని ఆవులు బీడులోనే ఉండాలి. శనివారంలోగా ప్రతి ఉప్పురాయి మీదా భాస్వరం పొడి కలిపిన ఉప్పు పోయండి. రేపు పొద్దున్నే తూర్పు వాలుకు రండి. ఆవులను వెళ్లగొట్టడానికి ఎత్తిన ఆ చేతులతోనే గోడ రాళ్లెత్తండి!