పడుకునే వేషం

మా ఇంట్లో ఆ మాట అనం. మా ఆయన వేంకటరమణ సీరియళ్ళలో చచ్చిపోయినవాడిగా పడుకుంటారు. పాడె మీద, ఆసుపత్రి బల్ల మీద, తెల్ల దుప్పటి కింద. బయటివాళ్ళు ఆ వేషాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మెళ్ళో సూత్రాలున్నదాన్ని, నేనెలా అంటాను? "ఇవాళ పడుకునే వేషమా?" అని అడిగి, ఆయన తిరిగొచ్చే వేళకి బయటి బాత్రూంలో నీళ్ళు తోడి పెడతాను.

తెనాలిలో నాటకాలాడే రోజుల్లో ఈయన పద్యం ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ కొట్టేవారు. ఆ గొంతు పట్టుకుని ఫిల్మ్‌నగర్ వచ్చారు. షేక్‌పేటలో అద్దె పోర్షన్ తీసుకున్నాం. వచ్చిన కొత్తలో ఎవరో రాలేదని ఈయన్ని పడుకోబెట్టారు. ఈగ వాలినా రెప్ప కదల్లేదట. అంతే, ఇక లేవనివ్వలేదు. నోటితో బతుకుదామని వచ్చినవాడికి నోరు మూసుకోవడమే ఉద్యోగమైంది.

సినిమావాళ్ళకి ఒక పద్ధతుంది. చావు సీను తీశాక ఆ మనిషిని లేపి, కెమెరా ముందు నవ్వించి ఒక ముక్క తీస్తారు. దాన్ని ఎక్కడా వాడరు. దోషం పోవడానికంతే. అందుకే ఆయన గుమ్మం దగ్గరికి రాగానే నా మొదటి ప్రశ్న, "నవ్వించారా?" "నవ్వించారు" అంటేనే లోపలికి రానిస్తాను.

మొన్న వానాకాలంలో జూబ్లీహిల్స్ బంగళాలో షూటింగ్ అయ్యాక, కో-డైరెక్టర్ జగదీశ్ ఈయన భుజం మీద చెయ్యి వేశాడట. "రమణన్నా, కొత్త సీరియల్ల హెడ్‌మాస్టర్ వేషమున్నది. డైలాగులున్నయ్. నీకే ఇస్త. ఫోన్ చేస్త, జర ఎత్తు" అన్నాడట. ఆ సంబరంలో మా ఆయన స్నానం మాట మరిచి నేరుగా వంటింట్లోకి వచ్చేశారు. నేనూ ఏమీ అనలేదు. డైలాగులేమిటో తెలియకుండానే సాధన మొదలుపెట్టారు. మా కుక్కర్‌ని నిలబెట్టి, "ఏం నాయనా, నిన్నెందుకు రాలేదు బడికి?" అని గద్దించేవారు. అది ఈల వేస్తే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. అంత ఆశ నేనాయన ముఖంలో ఎప్పుడూ చూడలేదు. నాకు భయం కూడా వేసింది.

చిక్కల్లా ఫోన్‌తోనే. మోగేది గానీ తెర వెలిగేది కాదు. వెలిగేసరికి అవతలివాళ్ళు పెట్టేసేవారు. జగదీశ్ ఫోన్ చేస్తే గతేమిటని ఈయన యూట్యూబ్‌లో వెతికి, "మీ పాత ఫోన్‌కి ప్రాణం పోసే ఉచిత యాప్‌లు" అని ఒక వీడియో పట్టుకున్నారు. అందులో చెప్పినవి మూడు దించుకున్నారు. చెత్త ఊడ్చేది, బ్యాటరీ కాపాడేది, ఫోన్ చేస్తున్నదెవరో పేరు చూపించేది. ఉచితమంటే చాలు, మా ఆయన దేనికైనా చోటిస్తారు. ఊడ్చే యాప్ ఊడ్చినదానికన్నా ప్రకటనలు ఎక్కువ తెచ్చి పోసినా, మొత్తానికి ఫోన్ మోగగానే తెర వెలగడం మొదలైంది.

పేరు చూపించే యాప్ ఈయన నంబరు అడిగింది. ఇచ్చారు. కాసేపు గిర్రున తిరిగి, మీ పేరు ఇదేనా అని అడిగింది. ఆయన ఫోన్‌ని మంచం మీద బోర్లా పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేను దాన్ని తీసి చూశాను.

శవం రమణ.

"ఎవడు పెట్టాడండీ ఈ పేరు?" అని అరిచాను.

"ఒకడు కాదు సుబ్బులూ. ఎవరెవరు తమ ఫోన్లలో ఎలా రాసుకున్నారో చూసి ఇది చెబుతుందట. ఎక్కువమంది అలాగే రాసుకున్నట్టున్నారు. పోనీలే."

నాకు ఒళ్ళు మండిపోయింది. పోనీలే ఏమిటి, పోనీలే! మార్చుకునే వీలుందని చూసి నేనే మార్చేశాను. "వేంకటరమణ, నటుడు" అని టైపు చేసి, ఆయన ముఖం ముందు పెట్టి చూపించాను. ఆయన దాన్ని పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నారు.

ఆ తర్వాత ఫోన్ మోగలేదు. లోన్లు కావాలా అని అడిగేవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యలేదు. ఈయన చేస్తే జగదీశ్ ఎత్తడు. ఈయన నంబరు రాసుకోని కొత్త మేనేజర్లూ ఎత్తరు. చూసి చూసి, ఇద్దరం కలిసి ఫిల్మ్‌నగర్‌లో వాళ్ళ ఆఫీసుకే వెళ్ళాం.

జగదీశ్ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "ఏడవోయినవ్ అన్నా? నా ఫోన్ పోయింది, నంబర్లన్నీ పోయినయ్. పేర్లు చూపెట్టే గా యాప్‌ల శవం రమణ అని కొట్టి కొట్టి చూసిన. దొరకకపోతివి."

"నేనూ చాలాసార్లు చేశానండీ" అన్నారు ఈయన.

"నటుడు అని పేరొస్తే ఎవడెత్తుతడన్నా? తెల్లారిలేస్తే నటుల ఫోన్లే మాకు."

"ఆయనకి అమ్మా నాన్నా పెట్టిన పేరుంది బాబూ" అన్నాను నేను.

"ఉన్నది వదినా, నేను కాదన్ననా? గా పేరుతోటి వెతికేటోడు ఉండాలె గద."

పాపం, వెటకారంగా అనలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. హెడ్‌మాస్టర్ వేషం ఇంకెవరికో ఇచ్చేశారట, షూటింగ్ కూడా అయిపోయిందట. ఈయన మెల్లగా, "పోనీ, పడుకునే వేషమైనా..." అన్నారు.

"బోరబండ నుంచి ఒకాయన వస్తుండు అన్నా. మంచిగనే పడుకుంటుండు. నువ్వు పాత పేరే పెట్టుకో, నలుగురికి దొరుకుతవ్. ఏదన్న ఉంటే పిలుస్త."

ఇంటికొచ్చాం. నీవల్లే అని ఆయన ఒక్క మాటంటే నా ప్రాణం కుదుటపడేది. అనలేదు. ఫోన్ నా చేతికిచ్చి, "మొదట మార్చింది నువ్వేగా, నువ్వే పెట్టెయ్ సుబ్బులూ" అన్నారు.

ఏ మాటైతే ఇన్నేళ్ళు గుమ్మం దాటి రానివ్వలేదో, దాన్ని నా వేలితో ఒక్కో అక్షరం నొక్కాను. ఇది మీ పేరేనా అని అడిగింది యాప్. ఆయన వైపు చూశాను. తలూపారు. అవునని నొక్కాను. తర్వాత, పేరు పక్కన పెట్టడానికి ఫోటో అడిగింది.

"ఏవండీ, ఒక్కసారి నవ్వండి" అన్నాను. "పేరు ఎలాగూ పెట్టాం, దోషమైనా పోతుంది. అక్కడ నవ్విస్తారుగా, అలాగే."

"నవ్వించడం ఎప్పుడో మానేశారు సుబ్బులూ. వాళ్ళకి టైమెక్కడిది?"

"మరి ఇన్నాళ్ళూ నవ్వించారని నాతో అనేవారు..."

"లేకపోతే నువ్వు లోపలికి రానివ్వవుగా."

"అయితే నేను నవ్విస్తాను. ఊఁ, నవ్వండి" అని ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. ఆయన నిటారుగా కూర్చున్నారు. జుట్టు సర్దుకున్నారు. కుక్కర్ వైపొకసారి చూసి, తెనాలిలో నవ్వినట్టు, నోరారా నవ్వారు. నొక్కాను. స్టోరేజ్ నిండిపోయిందని, ఫోటో సేవ్ కాలేదని తెర మీద వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే వచ్చింది.

"వచ్చిందా?" అన్నారాయన, నవ్వు అలాగే పట్టుకుని.

"వచ్చిందండీ" అన్నాను.