నిన్నటి బంతులు సున్నా

మా అబ్బాయి అనీష్ కుడి మోచేతికి ఇంకో ఆపరేషన్ చేసినా లాభం లేదని డాక్టర్ చెప్పేశాడు. అంటే ఇరవై నాలుగేళ్ళకే వాడి బేస్‌బాల్ అయిపోయింది. వాడు పిచర్. గంటకు తొంభై అయిదు మైళ్ళ వేగంతో బంతి విసరడమే ఉద్యోగం. అది తప్ప వాడికి ఇంకేమీ రాదు, నేనే రానివ్వలేదు.

"పన్నెండు, పదమూడేళ్ళప్పుడు ఎన్ని విసిరేవాడు?" అని డాక్టర్ నన్ను అడిగాడు. ఈ అరుగుదల ఇప్పటిది కాదట, చిన్నప్పటిదట.

"రూల్ ప్రకారమే" అన్నాను. ఇంత వయసొచ్చి డాక్టర్ దగ్గర కూడా అబద్ధమే. అనీష్ నా వైపు చూడలేదు.

ఇక్కడ అమెరికాలో పిల్లల ఆటలో బంతులు లెక్కపెడతారు. పన్నెండేళ్ళవాడు రోజుకు ఎనభై అయిదుకు మించి విసరకూడదు. అన్ని విసిరితే నాలుగు రోజులు బంతి ముట్టుకోనివ్వరు. మరీ ఇంత గారాబమా అని నవ్వుకున్నాను. విజయవాడలో నేను పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట, ఒకరికి తెలియకుండా ఒకరి దగ్గర ఎంట్రన్స్ కోచింగ్ తీసుకున్నవాణ్ణి. ఆ రెండింటి వల్లే నా ర్యాంకు, ఆ ర్యాంకు వల్లే అమెరికా. ఒకటి మంచిదైతే రెండు ఇంకా మంచివి. నాకు తెలిసిన చదువంతా అదే.

అందుకని వాణ్ణి శనివారం ఫ్రిస్కోలో ఒక టీమ్‌లో, ఆదివారం నలభై మైళ్ళ అవతల ఇంకో టీమ్‌లో చేర్చాను. ఆదివారం కోచ్ ఇచ్చే కాగితంలో, నిన్న ఎన్ని విసిరాడో రాయమని ఒక గడి ఉండేది. అందులో నేను సున్నా చుట్టేవాణ్ణి. రెండేళ్ళు చుట్టాను.

"మెడిసిన్ చదివించక ఈ బంతులేంటి చక్రపాణీ?" అని నా స్నేహితుడు వీరాంజనేయులు నలుగురిలో వెక్కిరించేవాడు. ఒక ప్రొఫెషనల్ టీమ్ అనీష్‌ని తీసుకున్న రోజున, నవ్విన నాపచేనే పండుతుందని వాడింటికే ముందు స్వీట్లు పట్టుకెళ్ళాను. రెండో ఏడు అనీష్ మోచేతిలో ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ తెగింది. ముంజేతి నుంచి ఒక స్నాయువు తీసి అక్కడ కుట్టారు. ఏడాదిన్నర కష్టపడి మైదానంలో దిగితే, అయిదో మ్యాచ్‌లో మళ్ళీ అక్కడే తెగింది.

ఆసుపత్రి పార్కింగ్‌లో కారెక్కాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు నోరు తెరిచాను.

"ఆ కాగితాల్లో నిన్నటివి సున్నా అని రాసింది నేనేరా."

"తెలుసు నాన్నా" అన్నాడు. "కోచ్ నన్ను కూడా అడిగేవాడు. నేనూ జీరో అనే చెప్పేవాణ్ణి."

"నేను చెప్పమన్నాననా?"

"నో. సండేస్ నువ్వు హ్యాపీగా ఉండేవాడివి. డ్రైవ్ చేస్తూ పాటలు పాడేవాడివి. వేరే డేస్ ఎప్పుడూ ఆఫీస్, వీసా, కోపం."

నేను పాడతానని నాకే గుర్తు లేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా బుద్ధి మారదు, తప్పులో కొంచెం వాడి మీదకి తోసేయాలనే చూశాను.

"నొప్పి పుడితే నాకు చెప్పాల్సింది కదరా. చెబితే ఆపేసేవాణ్ణి."

వాడు ఎడమ చేత్తో సీట్ బెల్ట్ లాక్కుని పెట్టుకున్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"చెప్పాను. వన్ టైమ్. నువ్వు ఏం అనలేదు, తిట్టలేదు. ఇంటికి వచ్చేదాకా పాడలేదు, అంతే. అందుకే మళ్ళీ చెప్పలేదు."

కారు స్టార్ట్ చేశాను. దారి పొడుగునా ఆ రెండేళ్ళ ఆదివారాలన్నీ ఒక్కొక్కటే వెతికాను. వాడు చెప్పిన రోజు నాకు దొరకలేదు.