జానెడు రాగి గొట్టం

రాగి గొట్టం కొసను ఆకురాయితో నున్నగా రాస్తున్నాడు ఏసుపాదం. కుడిచేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. మిగిలిన రెండూ ముప్పై ఏళ్ళ క్రితం కాలువ పడవలు బాగుచేసే కొట్టంలో పళ్ళచక్రం కింద పోయాయి. ఉన్నవాటితోనే అయిదు వేళ్ళ పనీ చెయ్యడం అలవాటై, పోయినవాటి సంగతి అతనే మరిచిపోయాడు. మనిషి సన్నం. ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి ఉంటాడు.

ఎదురుగా చిన్నరాజుగారు వెంకటరాజు మోటారు సైకిలు నిలబెట్టి ఉంది. ఇంగ్లండు సీమ నుంచి ఓడలో కాకినాడ దిగి, పంతొమ్మిది వందల ఎనిమిదిలో ఈ ఊరొచ్చింది. దాన్ని చూసుకోవడానికే ఆయన తండ్రి పెద్దరాజుగారు ఏసుపాదాన్ని బియ్యం మిల్లు నుంచి ఇంటి పనికి మార్చారు. బండి పోసినంత ఆముదం తాగుతుంది. తాగింది ఇంజను కడుపులో కాగి ఆవిరవుతుంది. అది పోవడానికి పక్కన చిటికెనవేలు పట్టేంత కన్నం ఉంది. మూసేస్తే ఊపిరాడక కీళ్ళన్నిటి నుంచీ నూనె కక్కుతుంది. వదిలేస్తే తోలేవాడి పంచె మీద ఉమ్ముతుంది.

మొన్న సామర్లకోటలో అత్తారింటి గుమ్మం ముందు దిగిన వెంకటరాజును చూసి మరదళ్ళు, “బావగారు గానుగ పెట్టారా ఏంటి?” అని పకపకా నవ్వారు. ఇరవై మూడేళ్ళవాడికి అంతకన్నా అవమానం ఏం కావాలి! ఇంటికి రాగానే, ఆ కన్నానికి గొట్టం పెట్టి వెనక్కి మళ్ళించమన్నాడు.

మళ్ళించాడు. కాని ఉన్న గొట్టం వెనక చక్రం ముందరికే వచ్చి ఆగింది. అక్కడ కారిన నూనె టైరు మీదే పడుతుంది. ఇంకో జానెడు ఉంటే చక్రం దాటిపోతుంది.

అందుకే ఇవాళ తెల్లవారగానే కంచరి బుల్లియ్య దగ్గరికి వెళ్ళాడు. బుల్లియ్య అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. కొలిమిలో బూడిద చల్లారి ఉంది.

“ఇవాళ అమాస కదయ్యా. మా తాతలనాటి నుంచీ అమాసనాడు సుత్తి ముట్టం. రేపు పొద్దున్నే చేసి నేనే పట్టుకొస్తాగా.”

“ప్రాణం మీది పని, బుల్లియ్యా.”

“ఎవరి ప్రాణం?”

అమావాస్యపూట, ప్రయాణమయ్యే మనిషి పేరు పెట్టి ఏసుపాదం ఆ మాట ఎలా అంటాడు? తల ఊపి వచ్చేశాడు.

ప్రయాణం ఆగేది కాదు. కొడుకు పుట్టాడని నిన్న సాయంత్రమే సామర్లకోట నుంచి కబురొచ్చింది. పురుడు తీరకుండా, అందులోనూ అమావాస్యనాడు వెళ్ళడమేంటని ఇంట్లో అందరూ అన్నారు. వెంకటరాజు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

“ఏంటి, అయిందా?” అంటూ తెల్లటి మడత పంచెతో వచ్చాడు.

“గొట్టం చాల్లేదండి బాబూ. రేపటికైతే...”

“రేపటిదాకా ఆగమంటావా? కొడుకు పుట్టాడయ్యా నాకు!”

“పోనీ ఈ పూటకి గొట్టం తీసేస్తానండి. పంచె పాడైతే పాడైంది.”

“మళ్ళీ నవ్వించుకోమంటావా?”

“టైరు జారుద్దండి.”

“మెల్లిగా వెళ్తాలే.”

మెల్లిగా అన్నది ఆయన నోటికే తెలుసు, చేతికి తెలియదు. ఏసుపాదం గొట్టం కొసకు పాత గుడ్డ చుట్టాడు. బిగిస్తే ఇంజనుకు ఊపిరాడదని వదులుగానే కట్టాడు.

“వంతెన వంతెనకీ ఆగి ఇది పిండుకోండి బాబూ.”

“ఆయ్, చిత్తమండి,” అన్నాడు వెంకటరాజు, అచ్చం ఏసుపాదం గొంతుతోనే. ఇద్దరూ నవ్వారు. మూడేళ్ళప్పుడు ఆ బాబును భుజాన ఎక్కించుకుని మిల్లంతా చూపించింది ఏసుపాదమే.

కళ్ళద్దాల కోసం వెంకటరాజు లోపలికి వెళ్ళాడు. ఏసుపాదం చెయ్యి నిప్పురవ్వ పుట్టించే వైరు మీదికి వెళ్ళింది. ఊడదీసి దాచేస్తే బండి కదలదు. రేపు తగిలించొచ్చు, ఎవరికీ తెలియదు. మిషను బడిలో చదివిన రెండు తరగతుల్లో మోసం పాపమని నేర్చుకున్నాడు. తరవాత నలభై ఏళ్ళు దొరల దగ్గరా రాజుల దగ్గరా, చెప్పింది చెయ్యడమే మంచితనమని నేర్చుకున్నాడు. ఆ రెండు చదువులూ కలిసి అతని మూడు వేళ్ళనీ పట్టుకున్నాయి. అతని మీద జాలేస్తుంది, ఒళ్ళూ మండుతుంది. వైరు మీది దుమ్ము తుడిచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బండి చప్పుడు కాలవగట్టు వెంట చాలాసేపు వినిపించింది. అది ఆగిపోయేదాకా నిలబడి, తరవాత పనిముట్లు తుడుచుకున్నాడు.

దీపాలవేళకు వెంకటరాజును పడవలో తీసుకొచ్చారు. మూడో వంతెన దాటాక మలుపులో వెనక చక్రం జారిందట. రాతికట్టుకు తల తగిలి అక్కడికక్కడే ప్రాణం పోయింది.

“రెండో వంతెన దగ్గర ఆగి, గుడ్డ పిండుకుంటా, కొడుకు పుట్టాడని నాతో చెప్పారండి,” అని పడవవాడు ఏడ్చాడు.

ఏసుపాదాన్ని ఎవరూ ఏమీ అనలేదు. అమావాస్య ప్రయాణం, వద్దంటే విన్నాడా అన్నారు. గొట్టం సంగతి ఒక్కరైనా అడుగుతారని అతను గోడవార నిలబడి చూశాడు. అడిగితే చెప్పేసేవాడు. అడగలేదు.

మర్నాడు పొద్దున్నే బుల్లియ్య వచ్చాడు. వీధి గుమ్మంలోనే సంగతి తెలిసింది. బండి ఉంచే కొట్టంలోకి వచ్చి ఏసుపాదం ముందు నిలబడ్డాడు.

“ప్రాణం మీది పనన్నావు. ఎవరి ప్రాణమో చెప్తే కొలిమి రాజేద్దును కదయ్యా.”

బుల్లియ్య తను తెచ్చింది పనిబల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

జానెడు రాగి గొట్టం. రెండు కొసలూ నున్నగా రాసి ఉన్నాయి. కొలిమి వేడి ఇంకా పూర్తిగా పోలేదు.