కొసరు పెట్టె

బ్యాంకులో పూర్ణిమ మేడం కాగితాలు వెనక్కి నెట్టగానే దయాకర్‌కు ఒళ్లు మండింది.

"నడ్వదు సార్. లెటర్ ఆఫ్ క్రెడిట్ల వంద పెట్టెలే ఉన్నయి. మీ ఇన్వాయిస్‌ల, ఓడ రసీదుల నూటొక్కటి."

"తక్కువ పంపితే మోసం, ఎక్కువిస్తే గూడ నేరమేనా మేడం?"

"బ్యాంకు సరుకు చూడదు, కాగితాలే చూస్తది. అవి సరిపోతే కొనేటోడు ఎగ్గొట్టినా ఆయన బ్యాంకు పైసలిస్తది. సరిపోకుంటే ఇగ ఆయన దయ. అడిగి చూస్త."

దయట, దయ! దయను నమ్మే కదా కిందటేడు దుబాయ్ సేఠు చేతిలో నిండా మునిగాడు. అందుకే ఈసారి ముక్కూ మొహం తెలియని నైరోబీ వ్యాపారితో, లెటర్ ఆఫ్ క్రెడిట్ అనే బ్యాంకు పూచీ లేనిదే సరుకు కదలదన్నాడు. ఆ పూచీ చూసుకునే నాచారం షెడ్డును తాకట్టు పెట్టి పంపు వాల్వులు చేయించాడు.

మెట్రో తవ్వకాల దుమ్ము మింగుతూ షెడ్డుకొచ్చి, పెట్టెలు కట్టించిన మామగారి మీద విరుచుకుపడ్డాడు.

"ఒక పెట్టె ఎందుకెక్కిచ్చినవ్ మామా?"

గోపయ్య ఉప్పల్‌లో కూరగాయలు పండించి అమ్ముకుని బతికినవాడు. "కొసరు బిడ్డా! వంద కొన్నోనికి ఒకటి ఎక్కువెయ్యకుంటే మల్ల మన దిక్కు చూస్తడా? దొంగతనంగ పెట్టలే, కాగితంల గూడ రాయించిన."

"గా రాసుడే కొంప ముంచింది!" అని అరిచాడు గానీ, చూడకుండా సంతకం గీకింది తనే. ఆ కోపం ఎవరి మీద చూపాలి?

మూడోనాడు నైరోబీ నుంచి జవాబొచ్చింది. కాగితాలు తప్పట, ధరలో పదోవంతు తగ్గిస్తే సరేనట, లేదంటే సరుకు రేవులోనే పడి ఉంటుందట. దయాకర్ పళ్లు కొరుకుతూ ఒప్పుకున్నాడు. వచ్చిన డబ్బు ఇనుముకూ కూలీలకూ సరిపోయింది. షెడ్డు కిస్తుకు మిగిలింది గుండుసున్నా.

"మరి గా ఎక్కువ పెట్టె?" అన్నాడు గోపయ్య.

"అదీ ఆయనకే."

ముసలాయన ఇంటికి పోతూ ఉప్పల్ మార్కెట్‌లో బండి ఆపించి టమాటాలు తీసుకున్నాడు. ఏళ్లుగా ఎరిగిన లింగమ్మ, అలవాటుగా సంచిలో గుప్పెడు కరివేపాకు వేసింది. గోపయ్య దాన్ని రెబ్బ మిగలకుండా ఏరి ఆమె తట్టలో పెట్టేశాడు.

"ఏందే గోపన్నా, అలిగినవా?"

"కొసరొద్దు లింగమ్మా. తూకం ఎంతుంటే గంతే ఇయ్యి."