మెర్వ్ ఉండగా ఆగని కంప్యూటర్

కంప్యూటర్ అయిదోసారి ఆరిపోయినప్పుడు గ్లెనిస్, తమ బౌల్స్ ఆట క్లబ్ పత్రిక మూడో పేజీ టైపు చేస్తోంది. తెర నల్లబడింది. ఫ్యాన్ల రొద ఆగింది. శనివారం ఎవరు ఎవరితో ఆడాలో కూర్చిన జాబితా సగం పోయింది. ఆమె లేచి అన్నకు ఫోన్ చేసింది.

"మళ్ళీ పోయింది."

"ఎంతసేపు నడిచింది?" అన్నాడు మెర్వ్.

"గంట. గంటంబావు."

"వస్తున్నా. టీకి నీళ్ళు పెట్టు."

నీళ్ళు పెట్టేముందు ఆమె చేసే పని ఒకటుంది. కంప్యూటర్ పెట్టె మీది తొడుగు తీసి, మడిచి, సొరుగులో దాస్తుంది. నీలం, తెలుపు నూలుతో తనే అల్లి, లోపల మందపాటి గుడ్డ వేసి కుట్టిన తొడుగు. ఆస్ట్రేలియా ఎడారి అంచున ఉన్న ఆ బ్రోకెన్ హిల్‌లో గాలి లేచిందంటే కిటికీలు మూసినా ఎర్రదుమ్ము ఇంట్లోకి వస్తుంది. ఆ పెట్టె పైభాగమంతా చిల్లులే. కానీ మెర్వ్ కంటపడితే ఊరుకోడు. టోస్టర్ తొడుగు చూసి, "దీనికీ చలేస్తుందా, గ్లెన్?" అన్నవాడు. టిష్యూ డబ్బా తొడుగు చూసి, "నయం, నా కొలతలింకా తీసుకోలేదు" అని నలుగురినీ నవ్వించినవాడు. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా అన్న ఎగతాళికి ఆమె ముఖం ఇంకా ఎర్రబడుతుంది.

మెర్వ్ గనిలో ముప్ఫై నాలుగేళ్ళు ఎలక్ట్రీషియన్. రిటైరయ్యాక ఊళ్ళో మగవాళ్ళంతా చేరే షెడ్డులో పాత కంప్యూటర్లు బాగుచేసే బల్ల అతనిదే. చెల్లెలి కంప్యూటర్ కూడా విడిభాగాలు కొనితెచ్చి తనే బిగించాడు. రెండేళ్ళు టేబుల్ కింద పేచీ లేకుండా నడిచింది. అక్టోబరులో, పాత సిస్టమ్‌కి కంపెనీ ఇక అప్‌డేట్లు ఇవ్వదని తెలిసి, "కొత్తది కొనడం దేనికి, దీన్లో ఊరికే దొరికే లినక్స్ సిస్టమ్ వేస్తే ఇంకో పదేళ్ళు నడుస్తుంది" అని వేసిపెట్టాడు. వెనక తీగలు అందుబాటులో ఉంటాయని పెట్టెను టేబుల్ మీదికి ఎక్కించాడు. ఆ వారం నుంచే ఈ బాధ.

మొదటిసారి వచ్చినప్పుడు మెమరీ పలకలు తీసి, తుడిచి, మళ్ళీ గుచ్చాడు. రెండోసారి కరెంటిచ్చే పెట్టె మార్చాడు. మూడోసారి సిస్టమ్ మొత్తం మళ్ళీ వేశాడు. నాలుగోసారి మూడు గంటలు కూర్చుని, దానికి తలకు మించిన పని చెప్పి, వేడి ఎంతుందో అంకెలు చూశాడు. అంతా సవ్యంగానే ఉంది. మెర్వ్ ఉండగా అది ఒక్కసారి కూడా ఆగలేదు.

ఈసారి కళ్ళజోడు ముక్కుమీదికి జార్చుకుని, యంత్రం తనకు తాను రాసుకునే చిట్టా చదివాడు. "చూడు, అంతా బాగుందని రాసుకుంటూ పోయి, ఉన్నట్టుండి తెగిపోయింది. ప్లగ్గు ఏమన్నా కదిలించావా?"

"లేదు."

స్క్రూలు బిగిస్తూ కాసేపటికి మళ్ళీ అడిగాడు. "ప్లగ్గు కదిలించావా?"

"ఇప్పుడేగా చెప్పాను."

అతను వెళ్ళాక చూస్తే ఒక స్క్రూ టేబుల్ మీదే ఉండిపోయింది.

గురువారం క్లబ్‌వాళ్ళు పత్రిక ఏదని అడిగారు. ఇంకా కాలేదని కసురుకుంది. అదే విసురులో కారేసుకుని షెడ్డుకి వెళ్ళింది. టీ వేళ. మెర్వ్, అతని స్నేహితుడు కెల్విన్, ఇంకో ఆరుగురు బల్ల చుట్టూ ఉన్నారు.

"దానికి నువ్వంటే భయం, మెర్వ్," అన్నాడు కెల్విన్, సంగతి విని. "నువ్వెళితే బుద్ధిగా కూర్చుంటుంది. నీ ఫొటో ఒకటి దాని ముందు పెట్టించు." అందరూ నవ్వారు. మెర్వ్ కూడా నవ్వాడు.

ఆ నవ్వు చూసి గ్లెనిస్‌కి ఒళ్ళు మండింది. "నీకు నవ్వులాటగా ఉంది కెల్విన్. అయిదుసార్లొచ్చాడు. విప్పిందే విప్పుతాడు, అడిగిందే అడుగుతాడు. నాన్నకీ మతిమరుపు ఇలాగే మొదలైంది."

వాళ్ళ నాన్నను చివరి నాలుగేళ్ళూ కడిగి, తినిపించి చూసుకున్నది మెర్వేనని అక్కడ తెలియనివాళ్ళు లేరు. ఆ నాన్నే ఒకరోజు, స్పూను నోటిదాకా తెచ్చిన కొడుకును, "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగాడు. మెర్వ్ కప్పు కింద పెట్టి, "నాకూ అలాగే అనిపిస్తోంది, గ్లెన్," అన్నాడు మెల్లగా.

మాట వెనక్కి తీసుకుందామనుకుంది. కానీ నిజమేమో అన్న అనుమానం ఆమెకూ ఉంది.

మరో రెండు వారాలకు సరుకుల కొట్లో కెల్విన్ కనబడి చెప్పాడు. మెర్వ్ తన బల్ల, పనిముట్లు అన్నీ కెల్విన్‌కే అప్పగించాడట. ఇప్పుడు టీ నీళ్ళు కాచిపెట్టి, కప్పులు కడిగి ఇంటికి పోతున్నాడట. "జేబులో పుస్తకం పెట్టుకుంటున్నాడు. స్టౌ ఆపాను, తలుపు వేశాను అని రాసుకుంటున్నాడు. నువ్వొకసారి చూడు."

ఆ సోమవారం ఆమె తొడుగు ఉతికి తీగ మీద ఆరేసింది. కంప్యూటర్ పొద్దుట్నుంచి నాలుగింటిదాకా ఆగకుండా నడిచింది. పత్రిక పూర్తయింది కూడా. ఆరిన తొడుగు తెచ్చి వేసి, ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంది. గంట దాటగానే తెర నల్లబడింది. తొడుగు తీయబోయి పెట్టె మీద చెయ్యివేసింది. ఇస్త్రీపెట్టెలా కాలుతోంది.

పెట్టె టేబుల్ మీదికెక్కిన వారమే ఆ తొడుగు అల్లింది, మెర్వ్ వచ్చిన ప్రతిసారీ తీసి దాచింది.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఫోన్ తీసి మళ్ళీ పెట్టేసింది. తొడుగుకు సిగ్గుపడి దాచానని చెప్పడం కన్నా, దాచి, ఆ నెపం అన్న బుర్ర మీద వేశానని చెప్పడం కష్టంగా ఉంది. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే దిద్దాలి కాబట్టి, షెడ్డులో అందరూ చేరే గురువారం దాకా ఆగానని తనకు తాను చెప్పుకుంది.

పొద్దుటి టీ వేళకు షెడ్డుకి వెళ్ళి తొడుగు బల్ల మీద పెట్టింది. జరిగిందంతా నిలబడే చెప్పింది.

"యంత్రానికి స్వెట్టరా," అన్నాడు కెల్విన్. "ఈ ఎండల్లోనా తల్లీ."

నవ్వులు లేచాయి. మెర్వ్ కూడా నవ్వాడు. గ్లెనిస్ ఊపిరి పీల్చుకుంది. కానీ ఆమె వెనకే కారు దాకా వచ్చి అన్నాడు: "నువ్వు మంచిదానివి, గ్లెన్. నాకోసం ఇంత కథ అల్లక్కర్లేదు."

"కథ కాదు. వచ్చి చూడు."

మధ్యాహ్నం వచ్చాడు. ఇద్దరూ తొడుగేసిన కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. టీ తాగారు. క్రికెట్ గురించి మాట్లాడుకున్నారు. డెబ్బై నిమిషాలకు అది ఆరిపోయింది.

మెర్వ్ చెయ్యి పెట్టి చూశాడు.

"చూశావా," అంది గ్లెనిస్. "నీ తప్పేం లేదు. నీ బుర్రకేం కాలేదు. నేను దాచాను."

"దాచావు సరే. నేనడగాలిగా. నేను లేనప్పుడు దీని చుట్టుపక్కల ఏం మారుతుంది అని." చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "గనిలో కుర్రవాళ్ళకు మొదటిరోజు చెప్పేవాణ్ణి. యంత్రాన్ని తర్వాత అడగండి, ముందు మనిషిని అడగండి అని. అయిదుసార్లు వచ్చి నేను అడిగింది ఒక్క ప్లగ్గు గురించి. అదీ రెండుసార్లు."

"అడిగినా చెప్పేదాన్ని కాదేమో."

"అడిగుంటే నా బుర్ర సరిగ్గా ఉందని నాకైనా తెలిసేది."

తన తప్పు ఒప్పుకుంటే అన్న మీది నింద పోతుందని ఆమె అనుకుంది. అతను ఆ తప్పును కూడా తన ఖాతాలోకే తీసుకున్నాడు.

"బల్ల మళ్ళీ తీసుకుంటావా?"

"కెల్విన్ బాగానే చేస్తున్నాడు," అని తన కప్పు కడిగి బోర్లించాడు.

గుమ్మం దగ్గర ఆగి కారు తాళాలకోసం ప్యాంటు జేబులు తడుముకున్నాడు. కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు. చొక్కా జేబులో దొరికాయి. ఎవరికైనా జరిగేదే. గ్లెనిస్ గబుక్కున చూపు తిప్పుకుంది. కానీ ఆమె తనను చూస్తూ నిలబడ్డ సంగతి మెర్వ్ అప్పటికే చూశాడు.